గింజ మనది, పేరెవరిది?

— ఫైనలియర్ బి.యస్సీ. విద్యార్థి

క్రిందటి సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతూ విశాఖపట్నంలో ఒక దుకాణంలో కాఫీ పొడి ప్యాకెట్టు కొన్నాను. నవ్వకండి. కాఫీ తోట ఉన్నవాడు కాఫీ పొడి కొనడమేమిటని మీకు అనిపించవచ్చు. మా కొండల్లో చాలా ఇళ్ళ సంగతి ఇంతే. మేం పండ్లు కోస్తాం, తోలు తీస్తాం, కడుగుతాం, ఎండబెడతాం, మూట కట్టి అమ్ముతాం. వేయించి పొడి కొట్టేది మరొకరు. నేను కొన్న ప్యాకెట్టు మీద ‘అరకు’ అని పెద్ద అక్షరాలు. వెనక్కి తిప్పి చూస్తే, కాఫీతో పాటు చికోరీ కూడా ఉందని చీమతలకాయంత అక్షరాలు. ఆ గింజ ఏ ఊరిదో, ఏ సంఘానిదో ఎక్కడా లేదు.

మా అయ్యకు చూపించి, “మన కాఫీ పేరు సర్కారు రిజిస్టర్లో రాసేరయ్యా, 2019లోనే. పేరున్న సరుక్కి రేటు బాగుంటాదంట” అన్నాను.

అయ్య ప్యాకెట్టు వాసన చూసి పక్కన పెట్టి, “పేరెట్టేరు సరే. ఆ పేరు మనకేటి పెడతాదిరా?” అన్నాడు.

కెమిస్ట్రీలో సమీకరణాలు చకచకా సరిచేసేవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. కాలేజీకి తిరిగొచ్చాక లైబ్రరీలో కూర్చుని చట్టాల పుస్తకాలు తిరగేశాను, లెక్చరర్లను విసిగించాను. ఆ తిరగేతలో తెలిసినదాన్ని మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఒక చిన్న సంఘమో, చిన్న కంపెనీయో తన దగ్గరున్న విద్యనూ, యంత్రాన్నీ, పేరునూ పరదేశపు మార్కెట్టుకు తీసుకుపోతే వాటిని ఎలా కాపాడుకోవాలి? మన అరకు కాఫీనే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

పేరు లేని సరుకు

అరకు రైలెక్కినవారందరికీ కొత్తవలస–కిరండూల్ లైను తెలుసు. సొరంగాలు లెక్కపెడుతూ, కేకలు వేస్తూ పోతాం కదా! ఆ లైను వేసింది మన షికార్ల కోసం కాదు. 1960లలో జపాను సహకారంతో, బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేశారు. ఆ ఖనిజం ఓడలెక్కి జపాను పోయింది. అక్కడ ఉక్కయింది, కార్లయింది, యంత్రాలయింది. ఆ కారు కొన్నవాడెవడూ ఇది ఏ కొండరాయి అని అడగలేదు. రాయికి పేరు లేదు. పేరు లేని సరుక్కి కొనేవాడు చెప్పిందే ధర.

పచ్చి కాఫీ గింజ పరిస్థితీ దాదాపు అంతే. అరబికా రకానికి ప్రపంచ ధర న్యూయార్కు ఎక్స్‌ఛేంజిలో తేలుతుంది. బ్రెజిల్లో మంచు కురిసి తోటలు మాడితే మా సంతలో రేటు పెరుగుతుంది. అక్కడ పంట విరగకాస్తే ఇక్కడ పడిపోతుంది. ఆ లెక్కలో మా అయ్య చెమటకు చోటు లేదు. పండు మీద తోలూ గుజ్జూ పోయి ఎండేసరికి, ఒక కిలో గింజకు అయిదారు కిలోల పండ్లు కావాలి. నవంబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా, అన్నీ ఒక్కసారి పండవు గనుక, పండినవి పండినట్టు ఏరి కోయాలి. ఇంత పనీ ఒక పేరు లేని మూటలోకి పోతుంది.

ఈ మూటను పేరున్న సరుకుగా మార్చడమెలాగన్నదే అసలు సమస్య.

నాలుగు రకాల కంచెలు

పొలం మన పేర ఉన్నంత మాత్రాన పశువులు పడకుండా ఉంటాయా? కంచె వేయాలి. బుర్రతో పుట్టిన ఆస్తికీ అంతే. దీన్నే మేధో సంపత్తి అంటారు. దీనికి కంచెలు చాలా రకాలు. మనకు ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది పేటెంటు. కొత్త యంత్రానికో, కొత్త పద్ధతికో ఇస్తారు. ఉదాహరణకు, మా కొండల్లో ఎవరో చేత్తో తిప్పే పల్పరులో గింజ చితక్కుండా ఒక కొత్త అమరిక కనిపెట్టారనుకుందాం. అది నిజంగా కొత్తదై, ఆ విద్య తెలిసినవాడికి తేలిగ్గా తట్టనిదై, పనికొచ్చేదై ఉంటే 20 ఏళ్ళపాటు మరొకరు దాన్ని కాపీ కొట్టకుండా ఆపవచ్చు. దానికి బదులుగా ఆ రహస్యాన్ని దరఖాస్తులో విప్పి చెప్పాలి. గడువు తీరాక అది లోకానిది. మొక్కలకూ విత్తనాలకూ మన చట్టం పేటెంటు ఇవ్వదు. తరతరాలుగా జనానికి తెలిసిన విద్యకూ ఇవ్వదు.

రెండవది ట్రేడ్‌మార్కు. అంటే ఒక కంపెనీ సరుకును గుర్తుపట్టే పేరు, బొమ్మ. దీని గడువు 10 ఏళ్ళు. రుసుము కడుతూ ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు. దీన్ని అమ్మవచ్చు, అద్దెకివ్వవచ్చు.

మూడవది భౌగోళిక గుర్తింపు. ఇది ఒక్కరి సొత్తు కాదు, ఒక చోటి జనానిది. ఆ నేల, ఆ గాలి, ఆ చేతిపని వల్ల సరుక్కి ప్రత్యేక గుణం వస్తే ఆ ఊరి పేరు వాడుకునే హక్కు అక్కడివారికే దక్కుతుంది. మన దేశంలో దీనికి 1999లో చట్టం చేశారు. అది 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. 2004లో మొదటి నమోదు డార్జిలింగ్ టీది. తిరుపతి లడ్డుకు 2009లో, బనగానపల్లె మామిడికీ మన ఏటికొప్పాక లక్కబొమ్మలకూ 2017లో ఈ గుర్తింపు వచ్చింది. దీన్ని ట్రేడ్‌మార్కులాగా ఇంకొకరికి అమ్మడానికిగానీ, తాకట్టు పెట్టడానికిగానీ వీల్లేదు. ఈనాం భూమి లాంటిదని మా లెక్చరరు గారు చమత్కరించారు.

నాలుగవది వ్యాపార రహస్యం. గింజను ఎన్ని గంటలు పులియబెట్టాలి, ఏ నీడలో ఎంతసేపు ఆరబెట్టాలి, ఏ మంట మీద వేయించాలి అన్నవి ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం. దీనికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. నోరు కట్టుకోవడం, ఒప్పందం రాయించుకోవడం, ఈ రెండే రక్ష. ఖర్చు తక్కువ. కానీ ఒకసారి బయటపడితే మళ్ళీ మూట కట్టలేం.

గట్టు దాటితే కంచె లేదు

ఇప్పుడు అసలు సంగతి. ఈ కంచెలన్నీ వేసిన పొలానికే కాపలా. భారతదేశంలో తీసుకున్న పేటెంటు ఫ్రాన్సులో చెల్లదు. చెన్నైలో రాసిన పేరు చికాగోలో తనంతట తాను రక్షణ ఇవ్వదు. ‘ప్రపంచ పేటెంటు’ అనేదే లేదు. చాలామంది చిన్న వ్యాపారులు ఇక్కడే బోల్తా పడతారు. ఇంట్లో రిజిస్టరు చేయించాం గదా అని నిశ్చింతగా ఉంటారు. ఇల్లలకగానే పండుగ కాదు కదా!

అయితే దేశాల మధ్య కొన్ని వంతెనలున్నాయి. మొదటిది పారిస్ ఒడంబడిక. ఇందులోనూ, పేటెంటు సహకార ఒప్పందంలోనూ భారతదేశం 1998 డిసెంబరులో చేరింది. ఇవాళ మన దేశంలో పేటెంటు దరఖాస్తు పెడితే, 12 నెలల లోపు బయట దేశంలో పెట్టినా ఇవాళ్టి తేదీకే పెట్టినట్టు లెక్క. ట్రేడ్‌మార్కుకైతే ఆ గడువు 6 నెలలే. పేటెంటు సహకార ఒప్పందం దారిలో పోతే ఒకే అంతర్జాతీయ దరఖాస్తు పెట్టి, ఏయే దేశాలకు పోవాలో తేల్చుకోవడానికి సుమారు 30 నెలల వ్యవధి దొరుకుతుంది. డబ్బు కూడదీసుకోవాల్సిన చిన్న కంపెనీకి ఆ వ్యవధి పెద్ద వరం. ట్రేడ్‌మార్కులకు మాడ్రిడ్ పద్ధతి ఉంది. 2013 జులైలో మనం అందులో చేరాం. ఒక్క దరఖాస్తుతో చాలా దేశాలను కోరుకోవచ్చు. కాని ఒక మెలిక ఉంది. మొదటి అయిదేళ్ళలో ఇంటి రిజిస్ట్రేషను ఊడితే బయటివన్నీ దాంతోపాటే ఊడతాయి. వేరు చచ్చాక కొమ్మ నిలుస్తుందా?

ఇంకో హెచ్చరిక. మన దేశవాసి ఎవరైనా పేటెంటును నేరుగా విదేశంలో పెట్టేయకూడదు. మన 1970 పేటెంట్ల చట్టం 39వ సెక్షను ప్రకారం ముందు ఇక్కడ దరఖాస్తు పెట్టి 6 వారాలు ఆగాలి, లేదా అనుమతి తీసుకోవాలి.

భౌగోళిక గుర్తింపుకు వస్తే, 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు అమలులోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందం ముఖ్యం. అందులో 24వ అధికరణం ఒక మాట స్పష్టంగా చెబుతుంది: సొంత దేశంలో రక్షణ లేని పేరును కాపాడే పూచీ పరాయి దేశానికి లేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ సొంత అమ్మను ముందు అడగాలి. 2019 నమోదు విలువ ఇందులోనే ఉంది. అది గమ్యం కాదు గాని, దాన్ని దాటకుండా ముందుకు దారి లేదు.

అదే ఒప్పందంలో ఒక వివక్ష కూడా ఉంది. సారాయిలకు 23వ అధికరణం గట్టి రక్షణ ఇస్తుంది. ఊరిపేరు పక్కన ‘తరహా’ అని తగిలించి అమ్మడానికి కూడా వీల్లేదు. కాఫీకీ టీకీ 22వ అధికరణం మాత్రమే. అంటే కొనేవాడు మోసపోయాడని మనం రుజువు చేయాలి. ద్రాక్ష సారాకు ఒక న్యాయం, కాఫీ కప్పుకు ఒక న్యాయం!

పాములేరు నుంచి పారిస్ దాకా

మన మన్యంలోకి కాఫీ 19వ శతాబ్దం చివర తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయ ద్వారా వచ్చిందంటారు. తెచ్చింది బ్రిటిషువారు. తర్వాత అనంతగిరి, అరకు, మినుములూరు, చింతపల్లి ప్రాంతాలకు పాకింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అటవీ శాఖ, కాఫీ బోర్డు, ఐ.టి.డి.ఎ. ఒకరి తర్వాత ఒకరు ఇందులో చెయ్యి వేశారు. చింతపల్లి వైపు ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం కూడా ఉంది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియం తీగ. మా కొండలు చూసినవారికి ఈ దృశ్యం చెప్పనక్కర్లేదు.

హైదరాబాదుకు చెందిన నాంది ఫౌండేషన్ ఇక్కడి చిన్న, సన్నకారు గిరిజన రైతుల సహకార సంఘంతో కలిసి పనిచేసి, 2017లో ‘అరకు’ పేరుతో పారిస్ నగరంలో, మారే అనే పేటలో కాఫీ దుకాణం తెరిచింది. 2018లో అక్కడి ప్రి ఎపిక్యూర్ పోటీలో ఆ కాఫీకి బంగారు పతకం వచ్చింది. కాఫీ రుచి గురించి ఇంకొకరు చెబితే వినని పారిస్ వాళ్ళు మెచ్చారంటే మాటలా!

2019లో కాఫీ బోర్డు దరఖాస్తు మీద ‘అరకు వ్యాలీ అరబికా’ భౌగోళిక గుర్తింపుగా నమోదయింది. అదే విడతలో కూర్గ్, చిక్‌మగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలూ వయనాడు రోబస్టా కూడా చేరాయి. అరకు కాఫీ అంటే అప్పటి విశాఖపట్నం జిల్లా, ఒడిశా ప్రాంతాల కొండల మీద 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తులో గిరిజనులు సేంద్రియ పద్ధతిలో పండించినదని అందులో వర్ణించారు. 2022 ఏప్రిల్‌లో మా ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. జిల్లా పేరు మారినా కొండ ఎత్తు మారదు కదా.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. ఒక సంస్థ దుకాణం పేరు వేరు, కొండ పేరు వేరు. దుకాణం పేరును కాపాడేది ట్రేడ్‌మార్కు, దాని లాభనష్టాలు ఆ సంస్థవి. కొండ పేరును కాపాడేది భౌగోళిక గుర్తింపు, అది ఆ సరిహద్దులో నియమం ప్రకారం పండించే ప్రతి రైతుకూ చెందవలసినది. ‘చెందవలసినది’ అని ఎందుకన్నానో చివర్లో చెబుతాను.

ఇతరులు పడ్డ పాట్లు

పరాయి గడ్డ మీద ఈ పోరు ఎలా ఉంటుందో కొన్ని నిజమైన కథలు చూద్దాం.

1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి, పసుపుతో గాయాలు మాన్పే పద్ధతిపై పేటెంటు ఇచ్చారు. మన అమ్మమ్మలందరూ నేరస్తులన్నమాట! మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు, పత్రికలు సాక్ష్యంగా చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై యూరప్ పేటెంటు 1994లో వచ్చింది. 2000లో రద్దయింది, అప్పీలు 2005లో తేలింది. ఒక వేపచెట్టు కోసం పదేళ్ళకు పైగా పోరాటం. నోటి మాటగా ఉన్న విద్యకు కోర్టులో సాక్ష్యం లేదు, కాగితం మీద ఉన్నదానికే ఉంది. ఈ రెండు కథల నీతి ఇదే.

డార్జిలింగ్ టీది ఇంకో పాఠం. టీ బోర్డు శ్రమపడి 2011లో యూరోపియన్ యూనియన్‌లో ఆ పేరును నమోదు చేయించింది. టీ వరకు గెలుపే. కాని ఒక ఫ్రెంచి కంపెనీ ‘డార్జిలింగ్’ పేరుతో ఆడవాళ్ళ లోదుస్తులు అమ్మింది. టీ బోర్డు అడ్డుపడితే, 2017లో యూరప్ అత్యున్నత న్యాయస్థానం బోర్డు అప్పీళ్ళను కొట్టేసింది. కంచె ఎంతవరకు వేశామో అంతవరకే. అవతలి గట్టు మీద ఎవరేం చేసుకున్నా చూస్తూ ఊరుకోవలసి రావచ్చు.

కాఫీకి పుట్టిల్లయిన ఇథియోపియా మరో దారి పట్టింది. అక్కడా మనలాగే లక్షల మంది చిన్న రైతులు. అందరి నాణ్యతనూ తనిఖీ చేసే యంత్రాంగం లేదని, భౌగోళిక గుర్తింపుకు పోకుండా 2005లో సిడామో, హరార్, యిర్గచెఫె అనే పేర్లను ప్రభుత్వమే అమెరికాలో ట్రేడ్‌మార్కులుగా దరఖాస్తు చేసింది. అమెరికా కాఫీ వర్తకుల సంఘం అభ్యంతరం చెప్పింది. స్టార్‌బక్స్ కంపెనీతో పెద్ద వివాదమే నడిచి, లోకమంతా మాట్లాడుకున్నాక, 2007లో ఆ పేర్లు ఇథియోపియావేనని ఒప్పుకుంటూ ఒప్పందం కుదిరింది. రాయల్టీ అడగలేదు, పేరు మీద అధికారం అడిగారు. కొలంబియా ఇంకోలా చేసింది. 1927లోనే పుట్టిన రైతుల సమాఖ్య అండతో, 2007లో తమ కాఫీ పేరును యూరప్‌లో భౌగోళిక గుర్తింపుగా నమోదు చేయించుకుంది. యూరప్ బయటి దేశాల నుంచి అలా చేరిన మొదటి సరుకు అదే. అందరికీ ఒకే మందు పనిచేయదు. ఎవరి ఒంటిని బట్టి వారి వైద్యం.

మూటలోని గింజ నిజం చెబుతుందా?

సైన్సు విద్యార్థిగా నన్ను ఎక్కువ ఆకర్షించిన కథ హవాయి దీవుల్లోని కోనా కాఫీది. 1996లో అక్కడ ఒక పెద్ద మోసం బయటపడింది. మధ్య అమెరికా నుంచి చౌక గింజ తెచ్చి, కోనా సంచుల్లో పోసి ఏళ్ళ తరబడి అమ్మారు. 2019లో కోనా రైతులే నకిలీ సరుకు అమ్ముతున్నారని పలు కంపెనీల మీద దావా వేశారు. అందులో వాళ్ళకు తోడు వచ్చింది రసాయన శాస్త్రం!

మొక్క ఏ నేలలో పెరిగితే ఆ నేలలోని మూలకాలనే వేళ్ళతో పీల్చుకుంటుంది. స్ట్రాన్షియం, జింకు, బేరియం, నికెలు వంటివి అత్యల్ప మోతాదుల్లో గింజలో చేరతాయి. వేయించినా ఈ లోహాలు ఆవిరై పోవు. వాటి మధ్య నిష్పత్తులు చూస్తే ఆ నేల వేలిముద్ర దొరుకుతుంది. కోనా రైతులు అలాంటి పరీక్షల ఫలితాలను కోర్టులో చూపించారు. చాలా కంపెనీలు కోట్ల డాలర్లు చెల్లించి రాజీకొచ్చాయి.

మరి అరకు గింజ వేలిముద్ర మన దగ్గర ఉందా? మన కాలేజీ లేబరేటరీలు దీనికి పూనుకోకూడదా? ఊరూరి నుంచి మట్టి, గింజల నమూనాలు తెచ్చి, మూలకాల పట్టిక తయారుచేసి పెట్టుకుంటే, రేపు పరదేశపు కోర్టులో అది వెయ్యి ఉపన్యాసాల పెట్టు.

చిన్న సంఘం చేయవలసిన పనులు

ఇంతవరకు చెప్పినదాన్ని ఒకచోట చేర్చితే, పరదేశానికి సరుకు పంపబోయే చిన్న కంపెనీ లేదా సంఘం పాటించవలసిన వరుస ఇది.

1. చెప్పకముందే రాయించు. కొత్త యంత్రాన్ని ఎగ్జిబిషన్‌లో చూపించి, పేపర్లో ఫొటో వేయించుకుని, ఆ తర్వాత పేటెంటుకు పోతే యూరప్‌లో ‘ఇది పాతది’ అని తిప్పి పంపుతారు. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది, అక్కడ లేదు.

2. దేశాలను ఎంచుకో. అమ్మే చోటు, తయారయ్యే చోటు, కాపీ కొట్టగల చోటు, ఈ మూడు చూసుకుంటే చాలు. ప్రతి దేశానికీ రుసుము, అనువాదం, వకీలు ఖర్చు ఉంటాయి. అన్నిచోట్లా పేటెంటు తీసుకోబోతే కంపెనీయే మిగలదు. చేతిలో డబ్బు తక్కువైతే ముందు పేరు, తర్వాత పేటెంటు.

3. పేరు నీ పేరనే ఉండాలి. పరదేశంలో సరుకు పంపిణీ చేసే ఏజెంటు “ఇక్కడి రిజిస్ట్రేషను నేను చూసుకుంటాను, మీకెందుకు శ్రమ” అంటాడు. తన పేర రాయించుకుంటాడు. ముందు రాయించినవాడిదే హక్కు అనే దేశాలు చాలా ఉన్నాయి. ఏజెంటుతో తగవొస్తే మన సొంత పేరుతో మనమే అమ్ముకోలేం. కంచే చేను మేసిందంటే ఇదే.

4. రహస్యాన్ని ముక్కలుగా పంచు. పద్ధతి మొత్తం ఒక్కడికే తెలియనివ్వకూడదు. చూడవచ్చినవారి చేత ముందుగా ఒప్పందం మీద సంతకం పెట్టించుకోవాలి.

5. తగవు ఎక్కడ తేలాలో ముందే రాసుకో. మన కోర్టు తీర్పు పట్టుకుని అమెరికా పోతే తేలిగ్గా అమలు కాదు. మధ్యవర్తి తీర్పుకైతే 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక అండ ఉంది. భారతదేశమూ అందులో ఉంది.

6. లెక్క రాసిపెట్టు. ఏ మూట ఏ ఊరిది, ఎప్పుడు కోశారు, ఎవరికి అమ్మారు అన్న పుస్తకం లేకపోతే, హక్కు ఉండీ నిరూపించలేం.

7. కంచె లోపలి కలుపు తీయి. పక్క కొండ కింద పండిన గింజనో, పచ్చికాయనో మనవాళ్ళే కలిపి ‘అరకు’ అని అమ్మితే ఏ చట్టమూ ఆ పేరును కాపాడలేదు. బయటి దొంగ కన్నా ఇది ఎక్కువ చేటు.

అయ్యకు జవాబు

ఇక నేను చెప్పకుండా ఆపిన సంగతి. భౌగోళిక గుర్తింపు నమోదైతే ఆ పేరును వాడుకునే హక్కు అక్కడి రైతులందరికీ ఊరికే వచ్చి చేరదు. చట్టం 17వ సెక్షను ప్రకారం ప్రతి ఉత్పత్తిదారుడూ ‘అధీకృత వినియోగదారు’గా తన పేరు విడిగా రాయించుకోవాలి. అలా రాయించుకున్నవాడికే ఆ పేరు వాడుకునే హక్కు, ఎవరైనా దొంగిలిస్తే తానే దావా వేసే హక్కు. ఈ రుసుము మొదట్లో రూ. 500 ఉండేది. 2020లో నియమాలు సవరించి రూ. 10 చేశారు.

పది రూపాయలు! మన క్యాంటీన్‌లో ఒక కప్పు కాఫీ ధర.

సెలవుల్లో మా ఊరిలో పది ఇళ్ళు తిరిగి అడిగాను. “కాఫీకి పేరొచ్చిందట గదా” అని అందరూ విన్నారు. తన పేరు రాయించుకోవాలని ఒక్కరికీ తెలియదు. పొలం పట్టా కోసం, రేషను కార్డు కోసం, కుల ధ్రువపత్రం కోసం మావాళ్ళు ఎన్ని ఆఫీసుల గుమ్మాలు ఎక్కారో లెక్కలేదు. ఈ గుమ్మం ఒకటుందని చెప్పినవాడు లేడు. పరదేశంలో మన పేరును ఎవరు దొంగిలిస్తారో అని భయపడుతున్నాం. ముందు ఆ పేరు ఎవరిదో వాళ్ళకే తెలియకపోతే, దొంగ వచ్చినా పోయినా తేడా ఏముంది?

కాబట్టి మన విద్యార్థి సంఘానికి ఈ సంచిక ద్వారా ఒక మనవి చేస్తున్నాను. ఏటా ఎన్.ఎస్.ఎస్. శిబిరాలు పెడతాం, రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. వచ్చే ఏడాది శిబిరం కాఫీ ఊళ్ళల్లో పెడదాం. ప్రతి ఇంటికీ ఒక దరఖాస్తు, ఒక పది రూపాయలు. ఫారం నింపే పని ఆర్ట్సు వాళ్ళది, మట్టి, గింజ నమూనాలు తెచ్చే పని మా సైన్సు వాళ్ళది, తోటల లెక్క పుస్తకాలు రాయడం నేర్పే పని కామర్సు వాళ్ళది. పూర్వ విద్యార్థుల్లో వకీళ్ళున్నారు, ఎగుమతి వ్యాపారులున్నారు, పరదేశాల్లో ఉద్యోగాలు చేసేవారున్నారు. అక్కడి దుకాణాల్లో ‘అరకు’ అని కనబడిన ప్యాకెట్టును ఒక్కసారి వెనక్కి తిప్పి చూసి ఒక ఉత్తరం రాసినా చాలు.

మా అయ్యకు ఫారం తీసుకుపోయాను. పేరు, ఊరు, తోట ఎన్ని సెంట్లు, అన్నీ నేనే నింపాను. సంతకం దగ్గర ఆగాడు. “దీంతో రేటు పెరుగుతాదా?” అని అడిగాడు. పెరుగుతుందని నేను అబద్ధం చెప్పలేదు. “రేటు సంగతి తర్వాతయ్యా. రేపెవరైనా ఈ పేరు మాదంటే, కాదు మాదని చెప్పడానికి నీ పేరుండాల” అన్నాను.

కాసేపు ఆలోచించి, చేతికంటిన గుజ్జు తువ్వాలుతో తుడుచుకుని, నెమ్మదిగా, కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. బైలదిల్లా రాయికి పేరు అడిగినవారు లేరు. మా గింజ పేరు అడిగేనాటికి, జవాబు చెప్పేవాడు రిజిస్టర్లో ఉండాలి.